మా గ్రాంట్ అప్లికేషన్ రిజెక్ట్ అయింది. కమ్యూనిటీ ఫౌండేషన్ లోపల అసలేం జరుగుతుంది?

#1 తిరుగుడుచక్రం

అందరికీ నమస్కారం. చాలాకాలంగా చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు. కడుపుమంట మీద ఉన్నాను, మాట కాస్త కరుగ్గా వస్తే ఏమీ అనుకోకండి.

మాది చిన్న సంస్థ. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లి, పనయ్యాక మళ్లీ ఇంటి దగ్గర దింపుతాం. వాళ్లలో ఎక్కువమంది డయాలసిస్ పేషెంట్లు. వారానికి మూడుసార్లు వెళ్లాలి, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటల దాకా మెషిన్ మీద ఉండాలి. లేచాక వాళ్లకు బస్సెక్కే ఓపిక ఎక్కడుంటుంది? పద్నాలుగు మంది వాలంటీర్లు సొంత కార్లలో తిప్పుతున్నారు. వీల్‌చెయిర్ మడిచినా డిక్కీలో పట్టదు. మూత సగం తెరిచిపెట్టి, బట్టలారేసుకునే తాడుతో బంపర్‌కి కట్టి నడుపుతుంటాం. వాన పడితే వీల్‌చెయిర్ సీటు తడిసిపోతుంది, దాని మీద తువ్వాలు పరిచి కూర్చోబెడతాం.

అందుకని ఒక వ్యాన్ కోసం మా కమ్యూనిటీ ఫౌండేషన్‌కి, అంటే మా ప్రాంత దాతల డబ్బు పోగుచేసి ఇక్కడి సంస్థలకు గ్రాంట్లు ఇచ్చే సంస్థకి, దరఖాస్తు పెట్టాం. రాయడానికి ఆరు వారాలు పట్టింది. ఐదు నెలలు ఎదురుచూశాం. చివరికి రెండు లైన్ల ఉత్తరం: "ఈసారి పోటీ తీవ్రంగా ఉన్నందున మీ ప్రతిపాదనకు నిధులు ఇవ్వలేకపోతున్నాం." అంతే.

వాళ్ల వార్షిక నివేదిక తెరిచి చూస్తే కళ్లు తిరిగాయి. అంత డబ్బు పెట్టుకుని ఒక వ్యాన్ ఇవ్వలేరా? వీళ్లు ఎవరికిస్తారు, ఎలా ఇస్తారు? లోపల పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

#2 వేపచెట్టు

ఇందులో తెలియనిది ఏముందండీ. బోర్డులో ఎవరు కూర్చున్నారో, గ్రాంట్ ఎవరికొచ్చిందో పక్కపక్కన పెట్టి చూడండి. మనలాంటివాళ్లు ఫారాలు నింపడానికి, వాళ్లవాళ్లు చెక్కులు తీసుకోడానికి.

#3 లెక్కలపుస్తకం

వేపచెట్టు గారు వచ్చేశారు, ఇక చర్చ మొదలైనట్టే :)

తిరుగుడుచక్రం గారూ, ముందు ఆ "అంత డబ్బు" సంగతి తేల్చుకుందాం. నేను ఇలాంటి రెండు ఫౌండేషన్లకు ఆడిట్ చేశాను. వార్షిక నివేదికలో పెద్ద అంకె చూసి అందరూ పడే పొరపాటే మీరూ పడ్డారు.

ఆ మొత్తం పంచడానికి పెట్టుకున్న డబ్బు కాదు. చాలావరకు మూలనిధి, అంటే కార్పస్. దాన్ని మదుపు చేసి, దాని మీద వచ్చేదాంట్లో కొంత మాత్రమే ఏటా తీస్తారు. మామూలుగా 4 నుంచి 5 శాతం. అదీ ఆ రోజు విలువ మీద కాదు, చాలాచోట్ల గత 12 త్రైమాసికాల, అంటే మూడేళ్ల, సగటు మీద. ఉదాహరణకు మూడేళ్లలో నిధి విలువ 100, 120, 80గా ఉందనుకోండి. సగటు 100. అందులో 5 శాతం అంటే 5. మార్కెట్ పడిన ఏడాది నేరుగా 80 మీద లెక్కేస్తే 4 మాత్రమే వచ్చేది. సగటు పట్టడం వల్ల చెడ్డ ఏడాదిలో గ్రాంట్లు ఒక్కసారిగా కోసుకుపోవు. మంచి ఏడాదిలో ఒక్కసారిగా పెరగవు కూడా.

వందలో ఐదు మిగిలింది కదా. ఆ ఐదులోనూ మీరు అడగగలిగేది కొంతే. ఎందుకంటే ఫౌండేషన్ అంటే ఒకే హుండీ అనుకుంటాం గానీ, నిజానికి అది వందల చిన్న డబ్బాలున్న బీరువా. ఒక్కో డబ్బా మీద ఒక్కో దాత రాసిపెట్టిన చీటీ ఉంటుంది. "ఇది ఫలానా లైబ్రరీకే", "ఇది పిల్లల ఆరోగ్యానికే", "ఇది స్కాలర్‌షిప్‌లకు", "ఇది నేను బతికున్నన్నాళ్లూ నేను చెప్పినవాళ్లకు". ఏ చీటీ లేకుండా "అవసరమున్నచోట వాడండి" అని వదిలేసిన డబ్బాలే బహిరంగ పోటీకి వస్తాయి. అన్నిట్లోకీ అవే తక్కువ.

#4 చుక్కలముగ్గు

అంటే పైన చెప్పిన "నేను చెప్పినవాళ్లకు" అనేది డోనర్ అడ్వైజ్డ్ ఫండే కదా? దాత ఎవరికి చెబితే వాళ్లకు ఇచ్చేయడమేనా?

#5 లెక్కలపుస్తకం

అవును, అదే. కానీ "చెబితే" కాదు, "సిఫార్సు చేస్తే". అమెరికా చట్టప్రకారం డబ్బు ఫౌండేషన్‌ది అయిపోతుంది, పన్ను మినహాయింపు దాతకు అప్పుడే వచ్చేస్తుంది, చివరి మాట బోర్డుది. ఆచరణలో నూటికి తొంభై తొమ్మిదిసార్లు దాత మాటే నడుస్తుందనుకోండి. అయినా కాదనే సందర్భాలు ఉంటాయి. దాత తాను సంతకం పెట్టి బాకీపడ్డ విరాళాన్ని ఈ ఫండ్‌లోంచి కట్టమంటే చాలాచోట్ల ఒప్పుకోరు. ఏదైనా సంస్థ విరాళాల కోసం పెట్టే విందుకి తనకు టికెట్ కొనమంటే కుదరదు. న్యూయార్క్ కమ్యూనిటీ ట్రస్ట్ 1931లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇవాళ చాలా ఫౌండేషన్లలో డబ్బులో పెద్ద వాటా ఈ డబ్బాల్లోనే ఉంటోంది.

#6 వేపచెట్టు

చూశారా. పేరేమో "కమ్యూనిటీ". పెత్తనమేమో చెక్కు రాసినవాడిది.

#7 పాతకమిటీ

వేపచెట్టు గారి మాటలో కొంత నిజముంది, కొట్టిపారేయను. కానీ బోర్డు–చెక్కుల పోలిక గురించి ఒక మాట. ఊహించనక్కర్లేదు, చూసుకోవచ్చు. అమెరికాలో అయితే ఇలాంటి సంస్థలు పన్నుశాఖకు ఏటా దాఖలు చేసే ఫారం 990 ఎవరైనా తెరిచి చదవొచ్చు. 5,000 డాలర్లు దాటి ఏ సంస్థకు ఎంత ఇచ్చారో దాని షెడ్యూల్ I అనే భాగంలో పేర్లతో సహా ఉంటుంది. మీరు దరఖాస్తు పెట్టబోయే ముందు గత మూడేళ్ల జాబితా చూస్తే, వాళ్లు ఏ సైజు సంస్థకు ఏ సైజు గ్రాంట్ ఇస్తారో అరగంటలో తెలిసిపోతుంది. ఇది చేయకుండా ఫారం నింపేవాళ్లే ఎక్కువ.

నేను ఆరేళ్లు ఒక ఫౌండేషన్ గ్రాంట్ కమిటీలో కూర్చున్నాను. జీతం లేని పని. ఫౌండేషన్ పేరు అడగొద్దు. ఆ గదిలో ఏం జరుగుతుందో చెబుతాను.

ముందు చిన్న ఉత్తరం లాంటిది పంపమంటారు, రెండు పేజీలు. అక్కడే స్టాఫ్ కొందరిని తప్పిస్తారు: మా పరిధి కాని ప్రాంతం, రిజిస్ట్రేషన్ లేనివాళ్లు, పోయినసారి గ్రాంట్‌కి లెక్క చెప్పనివాళ్లు. మిగిలినవాళ్లను పూర్తి అప్లికేషన్ అడుగుతారు. ప్రోగ్రామ్ ఆఫీసర్, అంటే అప్లికేషన్లు పరిశీలించే ఫౌండేషన్ ఉద్యోగి, ప్రతి ఒక్కటీ చదివి, అవసరమైతే వెళ్లి చూసి, ఒక పేజీ నోట్ రాస్తారు. ఆ తర్వాత మా చేతికి వస్తాయి. ఒక్కో అప్లికేషన్‌ని ముగ్గురం విడివిడిగా చదివి మార్కులు వేసేవాళ్లం. అవసరానికి 25, చేసే పద్ధతికి 25, సంస్థ సత్తాకి 25, బడ్జెట్‌కి 15, గ్రాంట్ అయిపోయాక ఏమవుతుందనేదానికి 10.

ఒక సాయంత్రం గుర్తుంది. 42 అప్లికేషన్లు, తొమ్మిది మంది, మూడు గంటలు. లెక్కేస్తే ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. కానీ అలా జరగదు. పైన ఉన్న ఏడెనిమిదింటికి అందరూ తలూపేస్తారు. అడుగున ఉన్న ఇరవై గురించి ఎవరూ నోరెత్తరు. అసలు యుద్ధమంతా మధ్యలో ఉన్న పద్నాలుగింటి మీద, వాటిలో నాలుగింటికే డబ్బు మిగిలి ఉంటుంది. తిరుగుడుచక్రం గారూ, మీ సంస్థ ఆ పద్నాలుగులో ఉండి ఉంటుందని నా అనుమానం.

మార్కుల్లో ఇంకో చిక్కుంది. మా కమిటీలో ఒకాయన అందరికీ 90 వేసేవారు, ఎవరి మనసూ నొప్పించడం ఇష్టంలేక. ఇంకొకావిడ 60 దాటితే చెయ్యి వణికే మనిషి. ఆవిడ చేతిలో పడ్డ అప్లికేషన్ గతి ఏం కావాలి? అందుకే మూడో ఏడాది నుంచి మార్కులు కూడడం మానేసి, ఒక్కొక్కరు తమ వాటాలో ఏది మొదటిది, ఏది చివరిది అన్న వరస మాత్రమే తీసుకున్నాం. దాంతో ఫలితాలు బాగా మారాయి.

#8 చేతిరాత

పాతకమిటీ గారూ, ఆ ఒక పేజీ నోట్ గురించి ఇంకాస్త రాయండి. నేను సంస్థలకు గ్రాంట్ అప్లికేషన్లు రాసిపెడుతుంటాను. మేం ఇరవై పేజీలు రాస్తాం, కమిటీ చదివేది ఆ ఒక్క పేజీయేనా?

#9 పాతకమిటీ

నిజం చెప్పమంటారా? అందరూ అన్నీ చదవరు. తమకు కేటాయించినవి పూర్తిగా చదువుతారు. మిగతావాటికి ఆ ఒక పేజీ, బడ్జెట్ షీటు. కాబట్టి మీ కథ ముందు ప్రోగ్రామ్ ఆఫీసర్ బుర్రలోకి ఎక్కాలి. గదిలో మీ తరఫున మాట్లాడేది ఆ మనిషే, మీరు కాదు.

#10 మెత్తటిదిండు

మరి కమిటీవాళ్ల చుట్టాల సంస్థలు వస్తే?

#11 పాతకమిటీ

సంబంధం ఉన్నవాళ్లు ముందే కాగితం మీద రాసివ్వాలి. ఆ అప్లికేషన్ వచ్చినప్పుడు లేచి బయటకు వెళ్లాలి, ఓటు లేదు. ఒకసారి మా ఛైర్మనే కారిడార్‌లో ఇరవై నిమిషాలు నిలబడ్డారు, ఆయన భార్య బోర్డులో ఉన్న సంస్థ గురించి మేం లోపల వాదించుకుంటుంటే. ఆ సంస్థకు ఇవ్వలేదు. ఆయన తిరిగొచ్చి కూర్చుని "తర్వాతిది?" అన్నారు. అన్నిచోట్లా ఇంత నిక్కచ్చిగా జరుగుతుందని నేను హామీ ఇవ్వను. మనిషి బయటకెళ్లినా మొహమాటం గదిలోనే కూర్చుంటుంది, అదీ తెలుసు.

#12 వేపచెట్టు

మొహమాటం గదిలోనే కూర్చుంటుంది. నేను చెప్పిందే మీరు అందంగా చెప్పారు.

#13 చేతిరాత

తిరుగుడుచక్రం గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. ఆ తాడు సంగతి, తడిసిన సీటు మీద తువ్వాలు పరవడం... అప్లికేషన్‌లో రాశారా?

#14 తిరుగుడుచక్రం

లేదండీ. అలాంటివి రాస్తే చులకన అవుతామేమో అనుకున్నాం. ఇంటర్నెట్‌లో నమూనాలు చూసి రాశాం. మొదటి వాక్యం ఇది: "వృద్ధుల సమగ్ర ఆరోగ్య రవాణా సాధికారతకై బహుముఖ భాగస్వామ్య విధానంలో మా సంస్థ కృషి చేస్తోంది."

#15 మెత్తటిదిండు

అమ్మో.

#16 చేతిరాత

తప్పు మీది కాదు, ఆ నమూనాలది. కానీ ఆ వాక్యం చదివాక మీరు ఏం చేస్తారో నాకు తెలియలేదు. పైన #1లో రాసిన నాలుగు వాక్యాలు చదివితే మొత్తం కళ్లకు కట్టింది. ఈసారి దాన్నే పెట్టండి. వారానికి ఎన్ని ట్రిప్పులు, ఎంతమంది, ఎన్నిసార్లు కారు దొరక్క డయాలసిస్ తప్పింది, ఇవి రాయండి. ఆ చివరి లెక్క మీ దగ్గర ఉందా?

#17 తిరుగుడుచక్రం

డైరీలో ఉంటుంది. వాలంటీర్ దొరకని రోజు ఎర్ర పెన్నుతో చుట్టేస్తాం. ఎప్పుడూ కూడి చూడలేదు.

#18 చేతిరాత

కూడండి. ఆ ఎర్ర సున్నాలే మీ అప్లికేషన్.

#19 లెక్కలపుస్తకం

నేను వ్యాన్ దగ్గర ఆగిపోయాను. బండి కొనడం ఒక్కరోజు పని, తిప్పడం రోజూ పని. డ్రైవర్, ఇన్సూరెన్స్, రిపేర్లు, పార్కింగ్, ఇవన్నీ బడ్జెట్‌లో ఉన్నాయా? రెండో ఏడాది ఎవరు కడతారని రాశారు?

#20 తిరుగుడుచక్రం

వ్యాన్ ధర ఒక్కటే అడిగాం. మిగతాది విరాళాలతో చూసుకుంటాం అని ఒక లైన్ రాశాం. తక్కువ అడిగితే ఇస్తారనుకున్నాం.

#21 పాతకమిటీ

ఇదిగో, ఇక్కడే పడిపోయి ఉంటుంది. తక్కువ అడిగితే ఇస్తారనేది పెద్ద భ్రమ. కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "బండి ఇస్తాం సరే, ఏడాది తిరిగేసరికి షెడ్డులో దుమ్ము కొట్టుకుంటూ ఉంటే?" నేనే ఈ ప్రశ్న ఐదారుసార్లు అడిగాను. ఒకసారి ఒక సంస్థకు కంప్యూటర్లు ఇచ్చాం. ఏడాది తర్వాత చూడ్డానికి వెళ్తే అట్టపెట్టెలు కూడా విప్పలేదు, ఎందుకంటే ఆ గదిలో ప్లగ్ పాయింట్లు రెండే. వైరింగ్ ఖర్చు వాళ్లు అడగలేదు, మేమూ అడగమని చెప్పలేదు. ఇద్దరికీ సిగ్గేసింది.

ఇంకో మాట. ఆఫీసు అద్దె, ఆడిట్ ఫీజు, లెక్కలు రాసేవాళ్ల జీతం, వీటిని సున్నా వేసి పంపితే మెచ్చుకుంటారని అనుకోకండి. పూర్వం మెచ్చుకునేవాళ్లేమో. ఇప్పుడు సున్నా చూస్తే అబద్ధమనైనా అనుకుంటారు, నడపడం తెలియదనైనా అనుకుంటారు. అమెరికాలో ఫెడరల్ గ్రాంట్లకే, ప్రభుత్వంతో రేటు ఖరారు చేసుకోని సంస్థలు పరోక్ష ఖర్చుల కింద 10 శాతం వేసుకోవచ్చని ఉండేది. 2024 అక్టోబర్ నుంచి దాన్ని 15 శాతానికి పెంచారు. సర్కారే ఒప్పుకున్నాక మనకెందుకు మొహమాటం?

#22 చుక్కలముగ్గు

నాదో పక్క ప్రశ్న. మాకు రిజిస్ట్రేషనే లేదు. ఎనిమిది మంది ఆడవాళ్లం కలిసి మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లల తల్లిదండ్రుల కోసం ఒక చిన్న గ్రూపు నడుపుతున్నాం. మాకు దారే లేదా?

#23 చేతిరాత

ఉంది. ఇప్పటికే రిజిస్టరైన ఒక సంస్థ గొడుగు కింద అడగొచ్చు. ఫిస్కల్ స్పాన్సర్ అంటారు. డబ్బు వాళ్ల ఖాతాలోకి వస్తుంది, లెక్కలకు బాధ్యత వాళ్లది, పని మీది. అందుకు వాళ్లు కొంత తీసుకుంటారు, తరచూ 5 నుంచి 10 శాతం మధ్యలో. ఒప్పందం కాగితం మీద రాసుకోండి. ముఖ్యంగా విడిపోతే మిగిలిన డబ్బు, కొన్న సామాను ఎవరివో రాసుకోండి. స్నేహితులమే కదా అని వదిలేసినవాళ్ల గొడవలు రెండు చూశాను.

#24 పక్కవీధిదాత

మొదట్నుంచీ చదువుతున్నాను, చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ. నాకొక డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ ఉంది. చిన్నదే. వేపచెట్టు గారు తిట్టేది నాలాంటివాళ్లనే :)

నా వైపు నుంచి చూస్తే అసలు సమస్య పెత్తనం కాదు, తెలియకపోవడం. నాకు తెలిసినవి నాలుగు సంస్థలు. ఏటా వాటికే సిఫార్సు చేస్తూ ఉండేదాన్ని. మూడేళ్ల క్రితం ఫౌండేషన్‌వాళ్లు ఒక జాబితా పంపారు: కమిటీ బాగున్నాయని చెప్పినా డబ్బు చాలక ఆగిపోయిన అప్లికేషన్లు, ఒక్కోదాని గురించి ఐదు లైన్లు. అందులోంచి నేను రెండిటికి ఇచ్చాను. ఆ రెండూ నేను ఎప్పుడూ వినని సంస్థలు.

తిరుగుడుచక్రం గారూ, మీ ఫౌండేషన్ ఇలాంటి జాబితా తయారుచేస్తుందేమో, అందులో మీరున్నారేమో అడగండి. రిజెక్ట్ ఉత్తరంలో ఈ ముక్క రాయరు.

#25 వేపచెట్టు

మేడమ్, మిమ్మల్ని కాదులెండి. కానీ ఒకటి చెప్పండి. మీ ఫండ్‌లో డబ్బు ఇవ్వకుండా ఎన్నేళ్లయినా ఉంచుకోవచ్చు కదా? పన్ను మినహాయింపు మాత్రం మొదటి రోజే.

#26 పక్కవీధిదాత

ఉంచుకోవచ్చు. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్లకు ఏటా 5 శాతం కచ్చితంగా ఖర్చుపెట్టాలనే నియమం ఉంది. మా ఫండ్‌లకు అది లేదు. కొన్ని ఫౌండేషన్లు తమంతట తాము గడువు పెట్టుకున్నాయి, ఇన్నేళ్లు కదలకపోతే డబ్బు జనరల్ ఫండ్‌లోకి పోతుందని. అది అందరికీ ఉంటే మంచిదనే నా అభిప్రాయం. ఈ విషయంలో నేను మీ పక్షమే.

#27 వేపచెట్టు

ఇదేంటి, పోట్లాటకి వస్తే ఒప్పేసుకుంటారు.

#28 మెత్తటిదిండు

లెక్కలపుస్తకం గారు చెప్పిన చీటీల సంగతి నాకింకా మింగుడు పడలేదు. దాత ఎప్పుడో పోయారు, చీటీ మీద "ఫలానా జబ్బుకి" అని ఉంది, ఆ జబ్బే ఇప్పుడు లేదనుకోండి. ఆ డబ్బు అలా పడి ఉండాల్సిందేనా?

#29 పాతకమిటీ

ఈ ప్రశ్నలోంచే కమ్యూనిటీ ఫౌండేషన్ పుట్టింది. 1914లో క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గోఫ్ అనే ఆయన మొదటిది పెట్టాడు. ఆయన ఒక ట్రస్ట్ కంపెనీకి అధ్యక్షుడు. ఎప్పుడో పోయినవాళ్లు రాసిన వీలునామాలు, వాటి షరతులు, వాటికి కట్టుబడి మూలుగుతున్న డబ్బు, ఇవన్నీ ఆయన బల్ల మీదుగా వెళ్లేవి. పోయినవాళ్ల చెయ్యి బతికున్నవాళ్ల మెడ మీద ఉండకూడదని ఆయన పట్టుదల. డబ్బు బ్యాంకులు చూసుకుంటాయి, ఎవరికివ్వాలో ఊరి పెద్దమనుషుల కమిటీ ఎప్పటికప్పుడు చూస్తుంది, షరతు పనికిరానిదైతే మార్చే అధికారం ఆ కమిటీకే ఉంటుంది. ఈ అధికారం ఇవాళ్టికీ వీటికి ఉంది.

కానీ అది ఇష్టమొచ్చినట్టు వాడే కత్తి కాదు. బెరిల్ బక్ కథ చూడండి. కాలిఫోర్నియాలో మరిన్ కౌంటీ నివాసి, 1975లో పోయారు. తన ఆస్తి మరిన్ కౌంటీ అవసరాలకే వాడాలని రాసి, శాన్‌ఫ్రాన్సిస్కో ఫౌండేషన్ చేతిలో పెట్టారు. ఆస్తి అంటే ఒక ఆయిల్ కంపెనీ షేర్లు. ఆ కంపెనీని 1979లో షెల్ కొనేసింది, షేర్ల విలువ ఎన్నోరెట్లు పెరిగిపోయింది. మరిన్ అసలే డబ్బున్న కౌంటీ. పక్కనే పేదరికం ఉన్న కౌంటీలు. కొంత డబ్బు వాటికీ వాడతామని ఫౌండేషన్ కోర్టుకెళ్లింది. కాదంటూ మరిన్‌వాళ్లు ఎదురుతిరిగారు. 1986లో ఆ కేసు ఫౌండేషన్‌కి వ్యతిరేకంగా ముగిసింది, డబ్బు వాళ్ల చేతిలోంచి పోయింది. దాన్ని చూసుకోడానికి మరిన్ కమ్యూనిటీ ఫౌండేషన్ వచ్చింది.

#30 వేపచెట్టు

డబ్బున్న ఊరికే డబ్బు.

#31 లెక్కలపుస్తకం

ఇక్కడ నేను కోర్టు పక్షం. నా తర్వాత నా డబ్బు నేను రాసినచోటికే వెళ్తుందన్న నమ్మకం లేకపోతే రేపు ఎవరు రాస్తారండీ?

#32 పాతకమిటీ

నేను ఆరేళ్లు ఆ గదిలో కూర్చున్నాక కూడా తేల్చుకోలేకపోయాను. పోట్లాట మొదలవకముందే తిరుగుడుచక్రం గారి వ్యాన్‌కి వెనక్కి వెళ్దాం. మీరు ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి ఫోన్ చేశారా?

#33 తిరుగుడుచక్రం

వద్దన్నాక ఫోన్ చేయడం ఏం బాగుంటుంది? బతిమాలినట్టు ఉండదూ?

#34 పాతకమిటీ

ఉండదు. "ఎందుకివ్వలేదు" అని అడగకండి, "వచ్చేసారి ఏం మార్చాలి" అని అడగండి. వాళ్ల దగ్గర మీ ఫైల్ మీద నోట్ ఉంటుంది. అడిగినవాళ్లకు చెబుతారు. మా దగ్గర అడిగేవాళ్లు పదిమందిలో ఒక్కరు ఉండేవారేమో. ఆ ఒక్కరు మరుసటి ఏడాది వస్తే ప్రోగ్రామ్ ఆఫీసర్ నోట్‌లో "సూచనలు పాటించారు" అని ఉండేది. మధ్యలో ఉన్న పద్నాలుగులోంచి పైకి లేపేది ఆ రెండు మాటలే.

#35 తిరుగుడుచక్రం

(పదకొండు రోజుల తర్వాత)

ఫోన్ చేశాను. మూడుసార్లు డయల్ చేసి కట్ చేసి, నాలుగోసారి మాట్లాడాను. అంత టెన్షన్ పడ్డాను గానీ ఆవిడ చాలా మర్యాదగా మాట్లాడారు. ముప్పావుగంట.

ఒకటి, ఆ విడత డబ్బులోంచి బండ్లు, భవనాలు కొనకూడదు. మార్గదర్శకాల్లో నాలుగో పేజీలో ఉందట. ఉంది, ఇప్పుడు చూశాను. అయినా మమ్మల్ని మొదటి దశలోనే ఆపకపోవడానికి కారణం ఆవిడకు పని నచ్చడమే. కమిటీ వ్యాన్ బదులు ఇంకేదైనా ఇవ్వొచ్చేమో అని చూసిందట. వ్యాన్ తప్ప మేం ఏమీ అడగలేదు కాబట్టి ఇవ్వడానికి ఏమీ దొరకలేదు.

రెండు, మొదటి పేజీలో అడిగిన మొత్తానికి, బడ్జెట్ షీటులో ఉన్న మొత్తానికి తేడా ఉంది. రిజిస్ట్రేషన్ ఖర్చు ఒకచోట కలిపాం, ఇంకోచోట మర్చిపోయాం. చిన్న తేడాయే, కానీ కమిటీలో ఇద్దరు దాని చుట్టూ గీత గీసి పెట్టారట.

మూడు, పక్కవీధిదాత గారు చెప్పిన జాబితా వీళ్ల దగ్గరా ఉంది. మేం అందులో లేం, లెక్కలు సరిచేసి పంపితే చేరుస్తామన్నారు. ఆరోగ్యానికి కేటాయించిన ఒక ఫండ్ కూడా ఉందట, నడిపే ఖర్చులకు ఇస్తుంది.

ఎర్ర సున్నాలు కూడాను. పోయిన ఏడాది 61. మా కోశాధికారి రెండోసారి లెక్కపెట్టి కాసేపు ఏం మాట్లాడలేదు.

వ్యాన్ ఇప్పటికి పక్కన పెట్టాం. రోజూ ఎవరు ఎక్కడికెళ్లాలో కలిపే పార్ట్‌టైమ్ మనిషి ఒకరుంటే ఆ 61లో చాలావరకు తప్పేవని లెక్క తేలింది. కార్లున్నాయి, కలిపేవాళ్లే లేరు. కొత్త బడ్జెట్ కింద పెడుతున్నాను, మొత్తాన్ని 100 అనుకుని:

కోఆర్డినేటర్ జీతం 46
వాలంటీర్ల పెట్రోలు 27
ఇన్సూరెన్స్ 9
ఫోన్లు 4
ఆఫీసు, ఆడిట్, లెక్కలు 10
మొత్తం 100

పెద్దలు చూసి చెప్పండి. రేపు సాయంత్రం లోపు పంపాలి.

#36 చేతిరాత

బాగుంది. మొదటి పేరాలో తాడు ఉంచారుగా?

#37 తిరుగుడుచక్రం

ఉంచాను. ఫోటో కూడా పెట్టాను.

#38 పాతకమిటీ

రెండో ఏడాది కోఆర్డినేటర్ జీతం ఎక్కడినుంచో ఒక పేరా రాయండి. పూర్తిగా దొరక్కపోయినా ఫరవాలేదు, సగం ఎక్కడ్నుంచి, మిగతా సగానికి ఎవరిని అడుగుతున్నారు, అంత చాలు.

#39 లెక్కలపుస్తకం

తిరుగుడుచక్రం గారూ, కూడితే 96 వస్తోంది. మిగతా 4 ఎక్కడ?

#40 తిరుగుడుచక్రం

అయ్యయ్యో. కారులో వీల్‌చెయిర్ కట్టే బెల్టులు, ర్యాంపు. ఆ లైనే రాయలేదు.